రిమ్ము కాదు, రబ్బరు పెంచండి

పికప్ కొన్న ప్రతి ఒక్కరి చూపూ ఏదో ఒక రోజు చక్రాల దగ్గర ఆగుతుంది. బండంతా దిట్టంగా, ఎత్తుగా ఉంటుంది గానీ టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య అరచెయ్యి నిలువుగా దూరేంత ఖాళీ కనిపిస్తుంది. ఇంత బండికి ఇవేం చక్రాలు, కంపెనీవాడు పొదుపు చేశాడా అనిపిస్తుంది. ఆ అనుమానం ఒకసారి పుట్టిందంటే ఇక రోడ్డు మీద పక్కనుంచి వెళ్లే ప్రతి పికప్‌కీ ముందు టైర్లే కనపడతాయి. నాకూ పుట్టింది, టైర్లు మార్చాను కూడా. కాబట్టి ఉన్నవాటితో సరిపెట్టుకోమని నీతులు చెప్పడానికి కూర్చోలేదు.

నా గొడవ వేరు. "పెద్ద చక్రాలు వేయించాలి" అంటాం. పెద్ద రిమ్మా, పెద్ద టైరా? రెండూ కలిపి ఒకే కోరికగా అడిగేస్తాం, అమ్మేవాడు రెండూ కలిపే అమ్మేస్తాడు. నిజానికి ఈ రెండూ బండిని చెరో వైపు లాగుతాయి. పెంచదలుచుకుంటే రబ్బరు పెంచండి, రిమ్ము కంపెనీ ఇచ్చిన కొలతలోనే ఉండనివ్వండి, ఆ రబ్బరునైనా లిఫ్ట్ కిట్ (బండిని ఎత్తు చేసే పొడుగు స్ప్రింగుల సెట్టు) అవసరం పడనంత వరకే పెంచండి. నేను చెప్పేది ఇంతే. ఎందుకో చెప్పడానికే కాస్త ఎక్కువ మాటలు పడతాయి.

ముందు ఆ ఖాళీ సంగతి. వెనకవైపు పికప్‌కి సాధారణంగా కమాన్ పట్టీలు ఉంటాయి. బరువు మోయడానికి చేసినవి కాబట్టి ఖాళీ బండిలో అవి ఎత్తుగా నిక్కి ఉంటాయి. తొట్టి నిండా సామాను వేసుకుని గతుకులో దిగినప్పుడు చూడాలి, ఆ అరచెయ్యంత ఖాళీ ఒక్క క్షణంలో మాయమైపోతుంది. ముందు చక్రాలకు పైకీ కిందకీ కదలడంతో పాటు అటూ ఇటూ తిరిగే పని కూడా ఉంది. ఈ రెండు కదలికలూ ఒకేసారి జరిగినప్పుడు టైరు మూల ఎక్కడిదాకా వస్తుందో, అక్కడిదాకా చోటు వదలాల్సిందే. పొదుపు ఏమీ లేదక్కడ.

ఇక అంకెలు. 265/65ఆర్17 తీసుకుందాం, మధ్యతరహా పికప్‌లలో బాగా కనిపించే సైజిది. 265 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ఎత్తు ఎంత శాతమో చెప్పేది, అంటే 172 మి.మీ. ఆర్ అంటే రేడియల్. 17 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒకే పేరులో మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు మూడూ కలిపేయాలన్న ఆలోచన ఏ మహానుభావుడికి వచ్చిందో గానీ, లెక్క మాత్రం సులువే. సైడ్‌వాల్ రెండుసార్లు, రిమ్ము ఒకసారి కూడితే టైరు మొత్తం వ్యాసం 776 మి.మీ. వస్తుంది.

ఇప్పుడు ఇదే బండికి 20 అంగుళాల అలాయ్ వీల్స్ వేశారనుకోండి. లోపల తగలకుండా ఉండాలని 265/50ఆర్20 టైరు పెడతారు. దాని వ్యాసం 773 మి.మీ. అంటే బండి రవ్వంత కూడా లేవలేదు, చిత్రంగా ఒక మిల్లీమీటరు పైగా దిగింది. చూడ్డానికి మాత్రం చక్రం ఎంతో పెద్దదైనట్టు ఉంటుంది, ఎందుకంటే మన కంటికి పెద్దగా కనపడేది మెరిసే లోహం. మారిందల్లా సైడ్‌వాల్. 172 మి.మీ. కాస్తా 132 అయింది. నాలుగు సెంటీమీటర్ల రబ్బరు, దాని వెనకున్న గాలి పోయి, ఆ చోటులోకి అల్యూమినియం వచ్చింది.

ఆ నాలుగు సెంటీమీటర్లు చేసే పని ఏమిటి? బండి బరువును మోసేది గాలి. గుంటలో పడ్డప్పుడు స్ప్రింగు కంటే ముందు ఒంగేది సైడ్‌వాల్. అది పొట్టిదైతే దెబ్బ నేరుగా రిమ్ము అంచు మీద పడుతుంది. రిమ్ముకీ గుంట అంచుకీ మధ్య టైరు నలిగి లోపలి దారాలు తెగితే, తర్వాత సైడ్‌వాల్ మీద చిన్న బుడిపె లేస్తుంది. అలా బుడిపె లేచిన టైరును మార్చడం తప్ప దారి లేదు, పంక్చర్‌లా అతికేది కాదు. మట్టిదారిలోనో ఇసుకలోనో వెళ్లేవాళ్లకి ఇంకో నష్టం. అలాంటిచోట గాలి 35 నుంచి 18, 20 పీఎస్‌ఐ దాకా దించితే టైరు కిందకి చదునుగా పరుచుకుని, నేలను పట్టే మేర పొడవుగా సాగుతుంది. కూరుకుపోయిన బండి బయటికి రావడానికి ఇంజిన్ శక్తి కంటే ఎక్కువగా పనికొచ్చేది ఇదే. పొట్టి సైడ్‌వాల్‌తో అంత గాలి తీస్తే రిమ్ము నేలను గుద్దుతుంది. అందుకే రాళ్లలో, ఇసుకలో బండ్లు నడిపేవాళ్లు రిమ్ము 17 దగ్గరే ఆపుకుని టైరును మాత్రం పెంచుకుంటారు. వాళ్లకు అలాయ్‌ల మీద మోజు లేక కాదు.

సరే, రబ్బరే పెంచుదాం. ఎంత వస్తుంది? 265/70ఆర్17 వేస్తే వ్యాసం 803 మి.మీ. పాతదాని కంటే 27 మి.మీ. దాకా ఎక్కువ. కానీ ఇరుసు ఉండేది టైరు మధ్యలో కాబట్టి నేల నుంచి లేచేది అందులో సగమే, 13 మి.మీ. పైచిలుకు. 285/70ఆర్17 అయితే వ్యాసం 831, లేచేది 27 మి.మీ. ఇంకా పైకి వెళ్లి 35 అంగుళాల టైరు వేస్తే వ్యాసం 889, లేచేది 56 మి.మీ. పెట్టిన ఖర్చుకు సగమే చేతికొస్తుందన్న మాట.

అయినా ఆ సగం విలువైనదే. వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా వేలాడే డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) చాలా పికప్‌లలో నేలకు దగ్గరగా ఉండే భాగం. లిఫ్ట్ కిట్ వేస్తే బాడీ లేస్తుంది, ఛాసిస్ లేస్తుంది, మీ తల లేస్తుంది. ఆ గుండు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, ఎందుకంటే అది ఇరుసుతో పాటు ఉంటుంది, ఇరుసు టైరు మీద ఉంటుంది. దాన్ని లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే. "బండి రెండంగుళాలు లేపాను, ఇక రాయి తగలదు" అని ఎవరైనా అంటే వెనక ఇరుసు కింద ఒకసారి టేపు పెట్టి కొలవమనండి.

లిఫ్ట్ గురించే ఇంకో మాట, ఇది చాలామందికి రుచించదు. లిఫ్ట్ వేస్తే పెద్ద టైరు తగలదనుకుంటారు. నిలబడి ఉన్న బండికి అది నిజమే. స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడు చక్రాన్ని ఆపేది బంప్‌స్టాప్. పొడుగు స్ప్రింగులు వేసి బంప్‌స్టాప్ మార్చకపోతే, పెద్ద గుంటలో పడ్డప్పుడు చక్రం పాత ఎత్తుదాకానే వెళ్తుంది. నిలబడ్డప్పుడు తగలని టైరు అక్కడ తగులుతుంది, అదీ వేగంలో. పైగా ముందువైపు లేపితే డ్రైవ్‌షాఫ్ట్ జాయింట్ల కోణం పెరుగుతుంది, క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే గీత వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గి స్టీరింగ్ నేరుగా నిలవడం మానేస్తుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడతాయి. వాటికి మళ్లీ కొత్త పై ఆర్మ్‌లు (చక్రాన్ని పైనుంచి ఛాసిస్‌కి కలిపే చేతులు), అలైన్‌మెంట్, లైట్ల సర్దుబాటు. ఒకటి లాగితే ఇంకోటి వస్తూనే ఉంటుంది.

ఇప్పుడు చెల్లించాల్సిన బాకీలు చూద్దాం. టైరు పెద్దదైతే ఒక్క చుట్టుకు బండి ఎక్కువ దూరం వెళ్తుంది. గేర్లన్నీ కాస్త పైకి జరిగినట్టే. క్రౌన్ పినియన్ (ఇరుసులో ఉండే చివరి గేర్ల జత) నిష్పత్తి 3.91 ఉన్న బండికి 285/70ఆర్17 వేస్తే, పాత టైర్లతో 3.65 నిష్పత్తి ఉన్నప్పుడు లాగినట్టు లాగుతుంది. 35 అంగుళాలైతే 3.41. ఖాళీ బండితో చదును రోడ్డు మీద ఇదేమీ తెలియదు, ఆర్‌పీఎమ్ తగ్గింది కదా అని సంతోషం కూడా వేస్తుంది. బరువు వేసుకుని ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. ఇదివరకు మూడో గేరులో ఎక్కిన చోట రెండుకి రావాలి. ఆటోమేటిక్ అయితే ఏ గేరులో ఉండాలో తేల్చుకోలేక అటూ ఇటూ మారుతూ ఉంటుంది, లోపల నూనె వేడెక్కుతుంది.

బ్రేకులదీ అదే కథ. డిస్కు, ప్యాడు మారలేదు, అవి పుట్టించే బలమూ మారలేదు. టైరు వ్యాసార్ధం 285/70ఆర్17లో లాగా 7 శాతం పెరిగితే అదే బలం నేల దగ్గర సుమారు ఆరున్నర శాతం తగ్గి అందుతుంది. దానికి తోడు బరువు. 17 కిలోల రోడ్డు టైరు తీసి 25 కిలోల గట్టి ఆల్-టెరైన్ (రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే) టైరు వేశారనుకోండి. పెరిగింది ఎనిమిది కిలోలే కదా అనిపిస్తుంది. కానీ ఆ బరువు చాలామటుకు అంచున తిరుగుతుంది. బరువూ పెరిగి, కేంద్రం నుంచి దూరమూ పెరిగేసరికి, టైరును తిప్పడానికీ ఆపడానికీ ఇంచుమించు 1.7 రెట్లు కష్టపడాలి. అంచున తిరిగే కిలో, వేగం పెంచేటప్పుడు, తొట్టిలో వేసిన రెండు కిలోలకు దగ్గరగా పనిచేస్తుంది. నాలుగు చక్రాలకూ కలిపి చూసుకోండి. టైర్లు మార్చాక బండి మందగించిందని అందరూ ఇంజిన్‌ని అంటారు గానీ పాపం దాని తప్పేమీ లేదు.

స్పీడోమీటర్ సంగతి చాలామందికి తెలుసు, సగమే తెలుసు. టైరు 7 శాతం పెరిగితే మీటరు 100 చూపినప్పుడు బండి 107లో వెళ్తుంటుంది. తెలియని సగం ఇది: కంపెనీ మీటర్లు సాధారణంగా ఉన్న వేగం కంటే కాస్త ఎక్కువే చూపిస్తాయి. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 39వ వాహన నియమం ప్రకారం మీటరు అసలు వేగం కంటే ఎప్పుడూ తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపడానికి మాత్రం అసలు వేగంలో పదోవంతు, ఆపైన గంటకు 4 కి.మీ. దాకా వెసులుబాటు ఉంది. అందువల్ల టైరు మూడు శాతం పెంచితే చాలా బండ్లలో మీటరు చెడిపోవడం పోయి ఇంచుమించు నిజం చెప్పడం మొదలుపెడుతుంది. ఏడు శాతం దగ్గర అబద్ధం అటువైపు తిరుగుతుంది, చలానా పడేవైపు.

మైలేజీ లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. పెద్ద టైర్లు వేశాక మైలేజీ పడిపోయిందని గగ్గోలు పెట్టేవాళ్లలో చాలామంది ఓడోమీటర్‌నే నమ్ముకుని లెక్క వేస్తారు. అది కూడా సుమారు ఆరున్నర శాతం తక్కువ చూపుతోంది కదా. 500 కి.మీ. తిరిగితే మీటరులో 467 పడుతుంది. ఆ 33 కి.మీ. ఎటూ పోలేదు, లెక్కలోకి రాలేదంతే. నిజంగా కూడా మైలేజీ తగ్గుతుంది, గట్టి గుబ్బల టైరు దొర్లడానికే ఎక్కువ శక్తి తింటుంది, లేచిన బండి గాలిని ఎక్కువ అడ్డుకుంటుంది. అయితే అసలు నష్టం ఎంతో తెలియాలంటే ముందు దూరాన్ని సరిదిద్దుకోవాలి. ఈ తప్పుడు లెక్కకు తోక ఒకటి ఉంది. సర్వీసుకు మీటరులో 10,000 చూసి వెళ్తే బండి అప్పటికే 10,700 తిరిగి ఉంటుంది.

టైరు పెంపును మూడు శాతం దగ్గర, అంటే ఇంచుమించు 265/70ఆర్17 దగ్గర, ఆపమనడం ఏదో చాదస్తం కాదని చెప్పడానికి ఇంకో లెక్క. కొత్త ఆల్-టెరైన్ టైరు గాడి లోతు పది మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అరిగి అరిగి రెండు మిల్లీమీటర్లకు వచ్చేసరికి వ్యాసంలో 16 మి.మీ. పోతుంది, అంటే రెండు శాతం. ఆ మేర తేడాను బండి ఎలాగూ జీవితమంతా మోస్తూనే ఉంటుంది. బ్రేకుల కంప్యూటరుకీ, గేరుబాక్సుకీ, మీటరుకీ అది అలవాటైన తేడా. మూడు శాతం దానికి పక్కింటిది. ఏడు వేరే ఊరు, పద్నాలుగైతే చెప్పనక్కర్లేదు. ఆస్ట్రేలియాలో బండ్ల మార్పులకు రాసుకున్న వీఎస్‌బీ 14 అనే పద్ధతిలో ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లకు కంపెనీ చెప్పిన అతిపెద్ద టైరు కంటే 50 మి.మీ. వ్యాసం దాటకూడదని పెట్టారు. పికప్‌ల మీద మోజు బాగా ఉన్న దేశమే ఆ గీత అక్కడ గీసింది. మన 265/65ఆర్17ని మూలంగా తీసుకుంటే 275/70ఆర్17 అందులో పడుతుంది, 285/70ఆర్17 నాలుగైదు మిల్లీమీటర్ల తేడాతో బయటికి పోతుంది.

ఇంతవరకు టైరు. రిమ్ము మార్చొద్దని నేను పట్టుబట్టడానికి వ్యాసం ఒక్కటే కారణం కాదు, ఆఫ్‌సెట్ ఇంకా పెద్ద కారణం. రిమ్మును హబ్బుకి (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగానికి) ఆనించే చదును భాగం, రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఉంటే ఆఫ్‌సెట్ సున్నా. బయటివైపుకి జరిగి ఉంటే ప్లస్. కంపెనీ రిమ్ము ఏడున్నర అంగుళాల వెడల్పు, ప్లస్ 30 ఆఫ్‌సెట్ అనుకుందాం. మార్కెట్లో బాగా అమ్ముడుపోయేది తొమ్మిది అంగుళాలు, సున్నా ఆఫ్‌సెట్. వెడల్పు ఒకటిన్నర అంగుళం పెరిగింది, అందులో సగం, 19 మి.మీ., ఒక్కో వైపు. ఆఫ్‌సెట్ తగ్గినందుకు మొత్తం రిమ్ము ఇంకో 30 మి.మీ. బయటికి. కలిపితే బయటి అంచు 49 మి.మీ. బయటికి వచ్చింది. లోపలి అంచు 19 లోపలికి వెళ్లాల్సింది, 30 బయటికి జరగడంతో మొత్తం మీద 11 మి.మీ. బయటికే వచ్చింది. అందుకే అమ్మేవాడు "లోపల ఏమీ తగలదు సార్" అని ధైర్యంగా చెప్తాడు. పై ఆర్మ్‌కి తగలదు, ఆ మాట నిజమే. కానీ ఐదు సెంటీమీటర్లు బయటికొచ్చిన టైరు స్టీరింగ్ తిప్పినప్పుడు పెద్ద వలయంలో తిరుగుతుంది. ముందు బంపర్ మూలకీ, వెనక క్యాబిన్‌ని ఛాసిస్‌కి కలిపే మౌంట్‌కీ వెళ్లి తగులుతుంది. తగలడం తప్పలేదు, చోటు మారిందంతే.

మడ్‌గార్డు దాటి బయటికొచ్చిన టైరు రాళ్లూ బురదా తెచ్చి మీ తలుపుల మీదే కొడుతుంది, వెనకవాళ్ల అద్దం మీదా కొడుతుంది. టైరు మడ్‌గార్డు కప్పు కిందే ఉండాలని చాలా దేశాల నియమం. ఇవి పైకి కనిపించేవి. కనిపించనిది స్టీరింగ్‌లో ఉంది. ముందు చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీతను నేలదాకా పొడిగిస్తే ఒక చోట తాకుతుంది. ఆ చోటుకీ టైరు నేలను పట్టే మధ్యభాగానికీ దూరం చిన్నదిగా ఉండేలా కంపెనీ కొలిచి పెడుతుంది. ఆఫ్‌సెట్ 30 తగ్గించారంటే ఆ దూరాన్ని ఇంచుమించు 30 మి.మీ. పెంచారన్నమాట. ఇక ఒక చక్రం గుంటలో పడితే స్టీరింగ్ చేతిలోంచి లాక్కుంటుంది, బ్రేకు వేస్తే ఒకవైపు గుంజుతుంది. బరువు హబ్బు నుంచి దూరంగా వేలాడుతుంది కాబట్టి వీల్ బేరింగు, బాల్ జాయింటు తొందరగా పోతాయి. స్పేసర్లు (హబ్బుకీ రిమ్ముకీ మధ్య పెట్టే బిళ్లలు) వేసినా ఇదే ఫలితం. నా మటుకు నేను స్పేసర్ అనే వస్తువును బండి దగ్గరికి రానివ్వను.

రిమ్ము మార్చేవాళ్లకి ఇంకో రెండు గుంటలున్నాయి, త్వరగా చెప్పేస్తాను. ఆరు బోల్టులున్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ఫోర్డ్ ఎఫ్-150కి 2004 నుంచి ఆ ఆరు రంధ్రాల వలయం వ్యాసం 135 మి.మీ., టయోటా హైలక్స్‌కి 139.7. చూపుకి తెలియదు, బిగించబోతే తెలుస్తుంది. వలయం కలిసినా మధ్య రంధ్రం వేరు, హైలక్స్‌కి 106.1 అయితే ఫోర్డ్ రేంజర్‌కి 93.1. నట్లు కూడా అంతే, కొన్ని కంపెనీ అలాయ్‌లకు చదును వాషరున్న నట్లు వస్తాయి, బయట దొరికే చాలా రిమ్ములకు శంకువు ఆకారం నట్లు కావాలి. పాత నట్లతో కొత్త రిమ్ము బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, తర్వాత వదులవుతుంది. రిమ్ము వెనకవైపు అది మోయగల బరువు అచ్చు వేసి ఉంటుంది, కొనేముందు తిప్పి చూడండి.

తగలడం గురించి ఎంత చదివినా, చూడాల్సింది సొంత బండి కింద కూర్చునే. నా బండికి 265/70ఆర్17 పాత రిమ్ముల మీదే ఎక్కించాక ఇలా చూశాం. ముందు కుడి చక్రాన్ని ఒక దిమ్మ మీదికి ఎక్కించి స్ప్రింగును అణిచాం. టైరు భుజం మీద, అంటే గుబ్బలు సైడ్‌వాల్ వైపు తిరిగే మూల మీద, సుద్దముక్క అడ్డంగా పట్టి దట్టంగా రుద్దాను. మెకానిక్ స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పాడు, నేను టార్చి పట్టుకుని మడ్‌గార్డు లోపలికి తల పెట్టాను. ఎక్కడా ఏమీ లేదు. "తగల్లేదులే" అన్నాను. "నిలబెట్టే కదన్నా చూశాం, కదిలించి కూడా చూడనీ" అన్నాడతను. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉంచి, బండిని మెల్లగా ముందుకి తెచ్చి బ్రేకు వేశాడు. లోపలి ప్లాస్టిక్ లైనర్‌కి దిగువన, మడ్‌ఫ్లాప్ బిగించిన స్క్రూ తల మీద, అగ్గిపుల్ల తలంత తెల్లటి మచ్చ పడింది.

కారణం చిన్నదే. ఆర్మ్‌ల చివర ఉండే బుష్‌లు రబ్బరువి, ఒత్తిడికి కాస్త జరుగుతాయి. ముందుకెళ్తూ బ్రేకు వేస్తే చక్రం కొద్దిగా వెనక్కి, వెనక్కొస్తూ వేస్తే కొద్దిగా ముందుకి కదులుతుంది. ఏ చివర తిప్పి, ఏ దిక్కున వెళ్తుంటే టైరులో ఏ మూల దేనికి దగ్గరవుతుందో ఊహించి చెప్పడం కష్టం. అన్నీ చేసి చూడాల్సిందే. ఆ స్క్రూ తీసేసి చదును తల ఉన్నది వేశాడు, ఫ్లాప్ అంచు వేలెడు మందం కోశాడు. పని అక్కడితో అయిపోయింది. 35 అంగుళాల టైరు అయితే ఇదే చోట కోయాల్సింది ప్లాస్టిక్ కాదు, క్యాబిన్ మౌంట్ ఇనుము. దాన్ని కోసి, మూల మూసి, వెల్డింగ్ చేయాలి. బండి ఛాసిస్‌ని టైరు కోసం కోసే పరిస్థితి వచ్చిందంటే సైజు ఎంపిక దగ్గరే ఆగి ఆలోచించాలని నాకనిపిస్తుంది.

గాలి గురించి చెప్పకపోతే ఇదంతా సగమే. పికప్‌కి పెద్ద టైర్లంటే చాలాసార్లు ఎల్‌టీ రకం వస్తాయి, లైట్ ట్రక్ అని. సైడ్‌వాల్ మందం, పొరలు ఎక్కువ, ఈ-రేంజ్ (ఎక్కువ బరువు మోసే తరగతి) అయితే 80 పీఎస్‌ఐ దాకా గాలి పడుతుంది. 265/65ఆర్17 మామూలు టైరుకు లోడ్ ఇండెక్స్ 112 అయితే ఒక్కో టైరు 1,120 కిలోలు మోస్తుంది. ఎల్‌టీ 265/70ఆర్17 ఈ-రేంజ్ 121, అంటే 1,450 కిలోలు. ఇది చూసి చాలామంది రెండు తప్పులు చేస్తారు. ఒకటి, బండి ఇప్పుడు ఎక్కువ బరువు మోస్తుందనుకోవడం. మోయదు. స్ప్రింగు, ఇరుసు, బ్రేకు మారలేదు, బండి పరిమితి ప్లేటు మీద రాసిందే. రెండోది ఇంకా ప్రమాదం: తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న గాలే కొత్త టైరులోనూ నింపడం. 1,450 కిలోలు 80 పీఎస్‌ఐ దగ్గర మాట. ఒకే గాలి దగ్గర పోల్చితే ఎల్‌టీ టైరు మామూలు టైరు కంటే తక్కువ మోస్తుంది. పాత బరువే మోయాలన్నా దానికి ఎక్కువ గాలి కావాలి, ఎంతో టైరు కంపెనీ పట్టికలో ఉంటుంది.

తక్కువ గాలితో బరువు మోసే టైరు వేడెక్కి చస్తుంది, ఊరికే అంటున్న మాట కాదు. 2000లో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్ల కింద ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడి, బండ్లు పల్టీలు కొట్టి ఎంతోమంది చనిపోయారు. ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి తీసుకుంది. తప్పు టైరుదా, బండిదా అని రెండు కంపెనీలూ పోట్లాడుకున్నాయి, ఆ పోట్లాటలో పదేపదే వచ్చిన అంకె ఫోర్డ్ సిఫారసు చేసిన 26 పీఎస్‌ఐ. దాని తర్వాతే అమెరికాలో చట్టం వచ్చి, కొత్త బండ్లలో గాలి తగ్గితే దీపం వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. ఆ దీపం అక్కడి నియమం ప్రకారం స్టిక్కర్ మీది గాలి కంటే 25 శాతం తగ్గితే వెలుగుతుంది. మీరు ఎల్‌టీ టైరు వేసి 45 నింపుకుంటున్నారనుకోండి, స్టిక్కర్ 35 అంటోంది. దీపం 26 దగ్గర గానీ వెలగదు. అప్పటికి మీ టైరుకు కావాల్సిన దాంట్లో నలభై శాతానికి పైగా పోయి ఉంటుంది. దీపాన్ని నమ్ముకోకుండా గేజి ఒకటి బండిలో పెట్టుకోండి.

అందం కోసమే వేయించుకుంటే తప్పా అని అడుగుతారు. తప్పేం లేదు. బండి మీది, డబ్బు మీది, ఉదయాన్నే చూసి మురిసిపోయే హక్కూ మీదే. నాకు చిరాకు తెప్పించేది 20 అంగుళాల అలాయ్‌లు వేసి "ఆఫ్-రోడ్‌కి సిద్ధం చేశాను" అనే మాట. రోడ్డు మీదే తిరిగే బండికి, గుంటలు తక్కువున్నచోట, పొట్టి సైడ్‌వాల్‌తో స్టీరింగ్ చురుగ్గా ఉంటుంది, ఆ మాట ఒప్పుకుని వేయించుకుంటే ఎవరికీ పేచీ లేదు. నిజానికి నన్నడిగితే, మట్టిలో పట్టు కావాలన్నవాళ్లలో ఎక్కువమందికి సైజే మార్చనక్కర్లేదు. కంపెనీ సైజులోనే మంచి ఆల్-టెరైన్ టైర్లు, ఒక గేజి, గాలి నింపే చిన్న పంపు ఉంటే చాలు. కావాల్సిన దాంట్లో ఎనభై పాళ్లు అక్కడే దొరుకుతుంది.

35 కావాలనే గట్టిగా అనుకునేవాళ్లు ఉంటారు, రాళ్ల దారుల్లో నిజంగా తిరిగేవాళ్లు. వాళ్లకి నేను చెప్పేదల్లా బిల్లు మొత్తం ముందే వేసుకోమని. 3.91 ఉన్నచోట 4.48కి దగ్గరగా ఉండే క్రౌన్ పినియన్, ఫోర్‌వీల్ డ్రైవ్ అయితే ముందూ వెనకా రెండూ. లిఫ్ట్, పై ఆర్మ్‌లు, బంప్‌స్టాప్‌లు, మౌంట్ కోత, బ్రేకుల పెంపు, మీటరు సరిచేయడం, బీమా కంపెనీకి తెలియజేయడం. ఇవన్నీ కలిపి చేస్తే అది మంచి బండే అవుతుంది. టైర్లు ఇప్పుడు, మిగతావి తర్వాత అనుకుంటే ఆ "తర్వాత" వచ్చేలోపు గేరుబాక్సు ముందు వస్తుంది.

ఏ సైజు వేసినా ఐదు కొనండి. నాలుగే కొని పాతదాన్ని స్టెప్నీగా ఉంచుకోవడం మామూలే, కానీ ఫోర్‌వీల్‌లో పెట్టినప్పుడు ఒక చక్రం మిగతావాటి కంటే చిన్నదైతే ట్రాన్స్‌ఫర్ కేసూ (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె), డిఫరెన్షియళ్లూ ప్రతి చుట్టుకూ ఒకదాంతో ఒకటి పెనుగులాడతాయి. ఇసుకలో ఆ తేడా జారిపోతుంది, గట్టి రోడ్డు మీద జారే దారి లేక ఇనుము మీద పడుతుంది. కొనేముందు తొట్టి కింద స్టెప్నీ వేలాడే చోట టేపు పెట్టి చూడండి. సైలెన్సర్ గొట్టానికీ ఛాసిస్ అడ్డపట్టీకీ మధ్య 803 మి.మీ. సాధారణంగా పడుతుంది. 831 కొన్ని బండ్లలో గాలి కాస్త తీస్తే పడుతుంది. 889 చాలావాటిలో పట్టదు, దాన్ని తొట్టిలో వేసుకుని తిరగాలి, అప్పుడు సామానుకు చోటు ఎక్కడో కూడా చూసుకోవాలి. టైర్లు ఎక్కించాక వంద కిలోమీటర్ల లోపు ఆపి, టార్క్ రెంచితో నట్లన్నీ ఇంకోసారి చూసుకోండి, స్టెప్నీని వేలాడదీసే గొలుసు బిగుతు కూడా.